ఇనుప మేకు నుంచి రిఫైనరీ దాకా

స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు కాస్త వెనకాడాను. బడి జ్ఞాపకాలు నాకంటే బాగా రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. "నీ ఉద్యోగం గురించే రాయి, ఇప్పుడు చదివే పిల్లలకు పనికొస్తుంది" అన్నారు. నా ఉద్యోగమంతా తుప్పుతోనే గడిచింది. చమురుశుద్ధి కర్మాగారాల్లో పైపులు, టవర్లు, కొలిమి గొట్టాలు ఎంత అరిగాయో కొలవడం, అరిగినచోట ఏ లోహం వేయాలో చెప్పడం నా పని. ఆ లోహాలు ఎక్కడి నుంచి వచ్చాయో, వాటిని ఎంచుకోవడం మనుషులు ఎలా నేర్చుకున్నారో చెప్పే చిన్న చరిత్ర ఇది.

దీని మొదలు మన బడిలోనే ఉంది. తుప్పు పాఠం చెప్పేటప్పుడు సైన్సు మాస్టారు మూడు పరీక్షనాళికల్లో మూడు ఇనుప మేకులు వేయించేవారు. ఒకదాంట్లో మామూలు నీళ్లు. రెండోదాంట్లో కాచి చల్లార్చిన నీళ్లు, గాలి చొరబడకుండా పైన నూనె. మూడోదాంట్లో నీళ్లు లేకుండా తేమ పీల్చే కాల్షియం క్లోరైడు. నాలుగు రోజుల తర్వాత చూస్తే మొదటి మేకు ఒక్కటే ఎర్రబడేది. గాలి, నీరు రెండూ ఉంటేనే తుప్పు పడుతుందని, నూనె ఇనుమును కాపాడుతుందని రాసుకున్నాం.

మా ఏడాది మాస్టారు ఒక పని చేశారు. మేం గదిలోకి రాకముందే నాళికల మీది లేబుళ్లు మార్చి అంటించారు. మేమంతా లేబులు చూసి, పుస్తకంలో ఉన్నట్టే జవాబు రాసేశాం. ఒక్క అమ్మాయి మాత్రం "నూనె అని రాసిన నాళికలో నూనె లేదు, మేకు తుప్పు పట్టింది" అని రాసింది. మాస్టారు కోప్పడలేదు. "లేబులు చదవడం మీకు వచ్చేసింది. ఇక నాళికలోకి చూడటం నేర్చుకోండి" అన్నారు. ఆ మాట విలువ నాకు తెలియడానికి పదిహేనేళ్లు పట్టింది. ఆ సంగతి చివర్లో చెబుతాను.

ఇనుమే సరిపోయిన రోజులు

1859లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో టైటస్‌విల్ దగ్గర డ్రేక్ బావిలో చమురు పడింది. ఆనాటి రిఫైనరీ అంటే ఒక పెద్ద బట్టీ. ఇనుప పాత్రలో ముడిచమురు పోసి కింద మంట పెట్టేవారు. పైకి లేచిన ఆవిరిని చల్లార్చి కిరసనాయిలు పట్టుకునేవారు. సూత్రంలో మన పల్లెటూళ్ల సారా బట్టీకీ దానికీ పెద్ద తేడా లేదు. పెన్సిల్వేనియా చమురులో గంధకం తక్కువ, బట్టీ వేడీ తక్కువే. పాత్రకు మామూలు ఇనుము సరిపోయేది. నూనె ఇనుమును కాపాడుతుందన్న మన పాఠం అక్కడ దాదాపు నిజమే.

1885లో ఒహాయో రాష్ట్రంలోని లైమాలో కొత్త చమురు పడింది. అది విపరీతమైన కంపు కొట్టేది. ఆ చమురు నుంచి తీసిన కిరసనాయిలుతో దీపం వెలిగిస్తే ఇల్లంతా వాసన, చిమ్నీ అంతా మసి. కారణం అందులోని గంధకం. హెర్మన్ ఫ్రాష్ అనే జర్మన్ సంతతి రసాయనవేత్త రాగి ఆక్సైడుతో ఆ గంధకాన్ని తీసేసే పద్ధతి కనిపెట్టాడు. దాంతో లైమా చమురు అమ్ముడుపోయింది. కిరసనాయిలు కొనేవాడికి గంధకం బాధ తప్పింది కానీ, చమురు మరిగించే పాత్రకు తప్పలేదు. ముడిచమురులోని గంధకం వేడి మీద ఇనుముతో కలిసి ఐరన్ సల్ఫైడుగా మారుతుంది. ఈ తుప్పుకు నీళ్లు అక్కర్లేదు, గాలి అక్కర్లేదు. వేడి, గంధకం ఉంటే చాలు. సుమారు 260 డిగ్రీల సెల్సియస్ దాటాక ఇది ఊపందుకుంటుంది. అంటే మన రెండో నాళికలో ఇనుమును కాపాడిన నూనే, రిఫైనరీలో ఇనుమును తినేది అవుతుంది.

1913: ఒకే ఏడాది మూడు సంగతులు

నా వృత్తికి పుట్టినరోజు పెట్టాలంటే 1913 అంటాను. ఆ ఏడాది మూడు దేశాల్లో, ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు పనులు జరిగాయి. తర్వాత అవి మూడూ రిఫైనరీలో కలుసుకున్నాయి.

మొదటిది అమెరికాలో. మోటారు కార్లు పెరిగి పెట్రోలుకు గిరాకీ వచ్చింది. ఇండియానా రాష్ట్రంలోని వైటింగ్ రిఫైనరీలో విలియం బర్టన్, బరువైన నూనెను పీడనంలో ఉంచి 400 డిగ్రీల ప్రాంతానికి వేడిచేస్తే పెద్ద అణువులు విరిగి పెట్రోలు వస్తుందని చూపించాడు. 1913 జనవరిలో ఆయనకు పేటెంటు వచ్చింది. ఒక పీపా ముడిచమురు నుంచి వచ్చే పెట్రోలు దాదాపు రెట్టింపైంది. కానీ అంత వేడిలో, అంత పీడనంలో గంధకం పని కూడా అంతే జోరందుకుంది. పాత్ర గోడలు, గొట్టాలు పలచబడేవి. లోపల మండే నూనె, పైన పీడనం, మధ్యలో పలచబడే ఇనుము. దాని పక్కన పనిచేసేవాళ్ల ప్రాణం ఆ గోడ మందం మీదే ఆధారపడేది.

రెండోది ఇంగ్లండులోని షెఫీల్డులో. హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాలు త్వరగా అరిగిపోకుండా ఉండే ఉక్కు కోసం వెతుకుతూ, సుమారు 13 శాతం క్రోమియం ఉన్న ఉక్కు పోతపోశాడు. పరీక్ష కోసం యాసిడ్‌తో మరకపెట్టాలని చూస్తే అది లొంగలేదు. మొదట చాకులు, కత్తెరలకు వాడిన ఆ ఉక్కే స్టెయిన్‌లెస్ స్టీలు. జర్మనీలో క్రుప్ సంస్థలో స్ట్రాస్, మౌరర్ అప్పటికే క్రోమియంతోపాటు నికెల్ కలిపిన ఉక్కుకు 1912లో పేటెంటు వేశారు. మన వంటింటి స్టీలు గిన్నెలు దాని వారసులే. వాటిలో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి కాబట్టి రిఫైనరీలో దాన్ని ఇప్పటికీ "పద్దెనిమిది-ఎనిమిది" అనే పిలుస్తాం.

మూడోది జర్మనీలోని ఒపావులో. గాలిలోని నైట్రోజన్, హైడ్రోజన్ కలిపి అమ్మోనియా చేసే కర్మాగారం ఆ ఏడాదే మొదలైంది. ఆ అమ్మోనియా నుంచే మన పొలాల ఎరువులు వచ్చాయి. దాని వెనుక ఒక లోహం కథ ఉంది. దాన్ని కాసేపాగి చెబుతాను.

ఎంపిక అంటే ఏమిటి?

బర్టన్ తర్వాత వచ్చిన ఇరవై ఏళ్లలో రిఫైనరీ ఇంజనీర్లు ఒక విషయం గమనించారు. ఉక్కులో క్రోమియం పెరిగేకొద్దీ గంధకం తినే వేగం తగ్గుతోంది. మామూలు ఉక్కు మీద ఏర్పడే సల్ఫైడు పొర గుల్లగా ఉండి గంధకాన్ని లోపలికి రానిస్తుంది. క్రోమియం ఉంటే పొర గట్టిగా, బిగువుగా ఏర్పడుతుంది. 1930ల నాటికి కొలిమి గొట్టాలకు 5 శాతం క్రోమియం, అర శాతం మాలిబ్డినం కలిపిన ఉక్కు వాడుకలోకి వచ్చింది. తర్వాత 9 శాతం వచ్చింది. 1963లో మెకానమీ అనే ఇంజనీరు చాలా రిఫైనరీల అనుభవాన్ని ఒకచోట చేర్చి, ఏ ఉష్ణోగ్రతలో ఏ ఉక్కు ఏడాదికి ఎంత అరుగుతుందో చెప్పే రేఖలు గీశాడు. సవరణలతో ఆ రేఖలను ఈనాటికీ వాడుతున్నాం.

"అన్నిటికీ మంచి స్టీలే వేసేస్తే పోదా?" అని చుట్టాలు నన్ను చాలాసార్లు అడిగారు. దానికి జవాబు మన అమ్మమ్మల వంటింట్లో ఉంది. ఆవకాయకు జాడీ, పులుసుకు రాచిప్ప, నీళ్లకు రాగి బిందె, వండటానికి కళాయి పూసిన ఇత్తడి గిన్నె. చింతపండు పులుసు కళాయి లేని ఇత్తడి గిన్నెలో పెడితే చిలుమెక్కుతుందని వాళ్లకు ఎవరూ పుస్తకంలో చెప్పలేదు. పాత్ర మొత్తం తగరంతో చేయించలేదు, లోపల పూత చాలనుకున్నారు. రిఫైనరీలో చేసేదీ అదే. టవరు గోడ మందమంతా మామూలు ఉక్కు, లోపలివైపు మాత్రం రెండు మూడు మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ అతికిస్తాం. బలం ఒకదానిది, తట్టుకునే గుణం మరొకదానిది.

ఇంకో లెక్క కూడా ఉంది. అసలు అరగకుండా ఉండాలని పట్టుబట్టం. ఎంత అరుగుతుందో తెలిస్తే చాలు. బలానికి కావలసిన మందం కంటే అదనంగా 3 మిల్లీమీటర్లు ఇచ్చామనుకోండి. ఏడాదికి 0.1 మిల్లీమీటరు అరిగితే అది 30 ఏళ్లు వస్తుంది. ఏడాదికి ఒక మిల్లీమీటరు అరిగితే మూడేళ్లే వస్తుంది. మొదటిచోట మామూలు ఉక్కు చాలు. రెండోచోట క్రోమియం ఉక్కు వేయాల్సిందే. ఎంపిక అంటే ఖరీదైన లోహం కొనడం కాదు. ఆ చోటికి ఏ శత్రువు, ఎంత వేడిలో వస్తుందో తెలుసుకోవడం.

రిఫైనరీలో శత్రువు ఒక్కడు కాదు. ముడిచమురుతోపాటు వచ్చే ఉప్పు వేడికి విడిపోయి హైడ్రోక్లోరిక్ యాసిడ్ అవుతుంది. టవరు పైభాగంలో ఆవిరి చల్లారేచోట, మొదటి నీటిబొట్టులో అది కరిగి ఇనుమును నమిలేస్తుంది. అందుకే ముడిచమురును ముందే నీళ్లతో కడిగి ఉప్పు తీస్తారు. టవరు తలభాగంలో నికెల్, రాగి కలిసిన మోనెల్ లోహం వాడతారు. కొన్ని ముడిచమురుల్లో నాఫ్తెనిక్ యాసిడ్లు ఉంటాయి. అవి 220 నుంచి 400 డిగ్రీల మధ్య విజృంభిస్తాయి. గంధకం విషయంలో ఆదుకున్న క్రోమియం వాటి ముందు పెద్దగా నిలవదు. అక్కడ 3 శాతం ప్రాంతంలో మాలిబ్డినం ఉన్న స్టెయిన్‌లెస్ కావాలి. చౌకగా దొరికిందని వేరే దేశం ముడిచమురు కొంటే, దానికి సరిపడే లోహం మన పైపుల్లో ఉందా అని ముందు అడగవలసింది అందుకే.

లోపలికి దూరే హైడ్రోజన్

ఇప్పుడు ఒపావు సంగతి. 1911లో కార్ల్ బాష్ బృందం అమ్మోనియా కోసం ఉక్కు గొట్టాల్లో హైడ్రోజన్‌ను అధిక పీడనంలో, అధిక వేడిలో నడిపింది. 80 గంటల్లో గొట్టాలు పగిలిపోయాయి. గోడ మందం మాత్రం తగ్గలేదు. కోసి చూస్తే ఉక్కు బలానికి మూలమైన కర్బనం మాయమైంది. హైడ్రోజన్ అణువులు విడిపోయి ఉక్కులోకి చొరబడి, కర్బనంతో కలిసి మీథేన్ వాయువుగా మారి, లోపలినుంచే పగుళ్లు తెచ్చాయి. పైకి చూస్తే పైపు కొత్తదానిలా ఉంటుంది, లోపల చెదలు పట్టిన దూలంలా ఉంటుంది.

బాష్ ఉపాయం చూడండి. లోపల కర్బనం దాదాపు లేని మెత్తటి ఇనుప తొడుగు వేశాడు. హైడ్రోజన్‌కు తినడానికి అందులో ఏమీ లేదు. బయట పీడనం మోసే బలమైన ఉక్కు పెట్టాడు. తొడుగులోంచి జారిన కొద్దిపాటి హైడ్రోజన్ బయటికి పోవడానికి ఆ ఉక్కుకు సన్నని రంధ్రాలు వేయించాడు. శత్రువును ఆపలేకపోతే పోయే దారి చూపించాలి అన్నమాట. అధిక పీడన రసాయన పద్ధతులకు ఆయన 1931లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు.

తర్వాత రిఫైనరీల్లోనూ హైడ్రోజన్ వాడకం పెరిగింది. డీజిలు, పెట్రోలుల్లోని గంధకాన్ని తీయాలంటే హైడ్రోజన్‌తో కలపాలి. మరి ఏ ఉక్కు ఎంత హైడ్రోజన్‌కు, ఎంత వేడికి ఆగుతుంది? షెల్ సంస్థకు చెందిన జార్జ్ నెల్సన్ రిఫైనరీల నుంచి అనుభవాలు సేకరించాడు. ఏ ఉక్కు ఏ పరిస్థితుల్లో నిలిచింది, ఎక్కడ పగిలింది అని అడిగి ఒక్కోదాన్ని ఒక్కో చుక్కగా పెట్టాడు. 1949లో ఆ చుక్కల మధ్య గీసిన గీతలను ప్రచురించాడు. ప్రతి ఉక్కుకూ ఒక గీత. దాని కింద ఉంటే క్షేమం, పైన ఉంటే ప్రమాదం. క్రోమియం, మాలిబ్డినం కర్బనాన్ని గట్టిగా పట్టి ఉంచుతాయి కాబట్టి వాటి గీతలు పైన ఉంటాయి. ఇవి ప్రయోగశాలలో కట్టిన సిద్ధాంతాలు కావు. పగిలిన ఇనుము చెప్పిన సాక్ష్యాలు. కొత్త సాక్ష్యం వస్తే గీత మారుతుంది. అర శాతం మాలిబ్డినం ఉక్కును ఒకప్పుడు మంచిదనుకున్నారు. దాని మీద వరుసగా ఫిర్యాదులు రావడంతో 1990లో ఆ గీతను తీసేశారు.

మన తీరంలో

మన ప్రాంతానికి ఈ కథ 1957లో వచ్చింది. విశాఖపట్నంలో కాల్టెక్స్ రిఫైనరీ ఆ ఏడాది మొదలైంది. తూర్పు తీరంలో అదే మొదటిది. ఏడాదికి 6 లక్షల 75 వేల టన్నుల ముడిచమురు శుద్ధిచేసేది. 1976లో ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. 1978లో అది హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. 83 లక్షల టన్నులకు పెరిగాక, కోటీ 50 లక్షల టన్నుల దాకా పెంచే పని చేపట్టారు. ఒక తరం కుర్రాళ్లకు వెల్డింగు, పైపు ఫిట్టింగు, తనిఖీ నేర్పిన బడి అది.

దానితోపాటు మన దగ్గర లోహాల పరిశ్రమ కూడా పెరిగింది. రిఫైనరీలకు కావలసిన టవర్లు, పీడన పాత్రలు చేయడానికి 1966లో విశాఖలో భారత్ హెవీ ప్లేట్ అండ్ వెసెల్స్ ఏర్పడింది. హైదరాబాదులో 1971లో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు, 1973లో మిశ్ర ధాతు నిగమ్ వచ్చాయి. అణువిద్యుత్తుకు, రక్షణరంగానికి పుట్టిన ఈ రెండు సంస్థలూ ప్రత్యేక మిశ్రమలోహాలు, స్టెయిన్‌లెస్ గొట్టాలు తయారుచేయడం మన చేతులకు అలవాటు చేశాయి. మన పూర్వ విద్యార్థుల్లో కొందరు ఇలాంటి చోట్ల పనిచేసినవాళ్లే. ఈ వ్యాసంలో తప్పులుంటే దిద్దే అధికారం వాళ్లకుంది.

మీరు బండిలో పోయించుకునే డీజిలుతోనూ దీనికి సంబంధం ఉంది. 1990ల మొదట్లో మన దేశంలో డీజిలులో ఒక శాతం దాకా గంధకం ఉండొచ్చు. అంటే పది లక్షల భాగాల్లో 10 వేల భాగాలు. 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్-6 నిబంధనల ప్రకారం 10 భాగాలు మించకూడదు. వెయ్యి రెట్లు తగ్గింది. మన ఊపిరితిత్తులకు ఆ మేలు చేయడానికి రిఫైనరీలు ఎక్కువ పీడనంలో ఎక్కువ హైడ్రోజన్ వాడాలి. గంధకం డీజిల్లోంచి పోయి హైడ్రోజన్ సల్ఫైడుగా పైపుల్లోకి వస్తుంది. అందుకే ఆ రియాక్టర్ల గోడలు రెండుంపావు శాతం క్రోమియం, ఒక శాతం మాలిబ్డినం ఉక్కుతో చేసి, లోపల నియోబియం కలిపిన స్టెయిన్‌లెస్‌తో వెల్డింగు పూత వేస్తారు. బయటి ఉక్కు హైడ్రోజన్‌కు, లోపలి పూత గంధకానికి. బాష్ తొడుగు, అమ్మమ్మ కళాయి రెండూ అందులో ఉన్నాయి.

ఆ స్టెయిన్‌లెస్‌కూ ఒక బలహీనత ఉంది. యూనిట్ నడుస్తున్నంతకాలం బాగానే ఉంటుంది. షట్‌డౌన్ చేసి మూత తెరిచాక, లోపలి సల్ఫైడు పొరకు గాలి, తేమ తగిలి ఒకరకం గంధకపు ఆమ్లం తయారవుతుంది. వేడికి గుణం మారిన స్టెయిన్‌లెస్ దాంతో పగుళ్లిస్తుంది. పనిలో ఉన్నప్పుడు చెక్కుచెదరనిది, సెలవులో పాడవుతుందన్నమాట. మందు చాలా చౌక. తెరిచే ముందు సోడా నీళ్లతో కడగాలి. బట్టల సోడాయే, నూటికి రెండు పాళ్లు. కోట్ల రూపాయల రియాక్టరును కాపాడేది ఆ చాకిరేవు సోడా.

మూడు ప్రమాదాలు

ఇంత తెలిశాక కూడా ప్రమాదాలు ఎందుకు జరుగుతున్నాయి? అమెరికాలో రసాయన ప్రమాదాలను విచారించే ప్రభుత్వ మండలి తన నివేదికలన్నీ బహిరంగంగా పెడుతుంది. వాటిలో మూడింటిని నేను కొత్తగా చేరిన ఇంజనీర్లకు పాఠంగా చెప్పేవాణ్ని.

మొదటిది టెక్సస్ సిటీలోని బీపీ రిఫైనరీలో 2005 జులై 28న జరిగింది. అదే రిఫైనరీలో ఆ మార్చిలో 15 మందిని బలిగొన్న పేలుడు వేరే. జులైలో అధిక పీడన హైడ్రోజన్ మోసే పైపు వంపు ఒకటి పగిలి మంటలు లేచాయి. ఫిబ్రవరిలో మరమ్మతు కోసం వంపులు విప్పారు. అవి చూడటానికి ఒకేలా ఉంటాయి, కొలతలూ ఒకటే. ఒకటి మామూలు ఉక్కు, మిగతావి క్రోమియం ఉక్కు. తిరిగి బిగించేటప్పుడు చోట్లు తారుమారయ్యాయి. ఎవరూ లోహాన్ని పరీక్షించలేదు. నడిచింది మూడు నెలలు. ఒకరికి స్వల్ప గాయం, సుమారు 3 కోట్ల డాలర్ల నష్టం.

రెండోది వాషింగ్టన్ రాష్ట్రంలోని అనకోర్టెస్‌లో, టెసోరో రిఫైనరీలో 2010 ఏప్రిల్ 2న జరిగింది. సుమారు నలభై ఏళ్లుగా పనిచేస్తున్న మామూలు ఉక్కు హీట్ ఎక్స్‌ఛేంజరు పగిలి ఏడుగురు చనిపోయారు. హైడ్రోజన్ దాన్ని లోపలినుంచి తినేసింది. నెల్సన్ గీత ప్రకారం అది క్షేమమైన వైపే ఉందని లెక్కవేసుకున్నారు. ఆ ఏడుగురి తర్వాత 2016లో మామూలు ఉక్కుకు మరో గీత, మరింత కిందికి, గీశారు.

మూడోది కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్‌లో, షెవ్రాన్ రిఫైనరీలో 2012 ఆగస్టు 6న జరిగింది. 1976 నుంచి ఉన్న ఎనిమిది అంగుళాల పైపు ఒకటి పగిలింది. 19 మంది సిబ్బంది ఆవిరి మేఘంలో చిక్కుకుని, అదృష్టవశాత్తు అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. పొగవల్ల తర్వాతి రోజుల్లో చుట్టుపక్కల సుమారు 15 వేల మంది ఆసుపత్రులకు వెళ్లారు. పగిలింది 52 అంగుళాల చిన్న ముక్క. అదీ మామూలు ఉక్కే, దాని పక్కవీ మామూలు ఉక్కే. కానీ ఈ ముక్కలో సిలికాన్ అతి తక్కువ. సిలికాన్ 0.1 శాతం కంటే తగ్గితే గంధకం ఇనుమును చాలా వేగంగా తింటుంది. పక్క ముక్కల మందం కొలిచి, లైనంతా అలాగే ఉంటుందనుకున్నారు. లైనంతా ముక్కముక్కా తనిఖీ చేయండని, లేదా క్రోమియం ఉక్కు వేయండని వాళ్ల నిపుణులే అంతకుముందు చెప్పి ఉన్నారు.

ఈ మూడింట్లోనూ సరైన లోహం ప్రపంచానికి తెలుసు. బజారులో దొరుకుతుంది. టెక్సస్ సిటీలో కాగితం మీది లోహం పైపులో లేదు. అనకోర్టెస్‌లో గీతను నమ్మారు, లోహాన్ని చూడలేదు. రిచ్‌మండ్‌లో ఒక ముక్కను చూసి అన్నీ అంతే అనుకున్నారు.

మేస్త్రి గ్రైండరు

నేను ఉద్యోగంలో చేరి కొన్నేళ్లయింది. ఎక్కడో చెప్పను, ఒక షట్‌డౌన్‌లో కొలిమి నుంచి టవరుకు పోయే లైనులో ముక్కలు మారుస్తున్నాం. 9 శాతం క్రోమియం పైపు రావాలి. వచ్చింది. రంగు పట్టీ సరిగ్గా ఉంది, ధ్రువపత్రం ఉంది, అంకెలు ఉన్నాయి. నేను సంతకం పెట్టేశాను. మర్నాడు సాయంత్రానికల్లా లైను అప్పగించాలని పైనుంచి ఒత్తిడి.

ఒక పెద్ద ఫిట్టరు మేస్త్రి పైపు అంచు సాపు చేస్తున్నాడు. గ్రైండరు ఆపి నన్ను పిలిచాడు. "బాబూ, ఇటు వచ్చి రవ్వలు చూడండి" అన్నాడు. నాలుగు పైపుల రవ్వలు పొట్టిగా, ఎర్రగా రాలుతున్నాయి. అయిదోది కాకరపువ్వొత్తిలా పొడుగ్గా, తెల్లగా పూలు విరజిమ్ముతోంది. "ఇది మామూలు ఇనుమే బాబూ. రంగు ఎవడైనా పూస్తాడు" అన్నాడు. ప్రయోగశాలకు పంపితే క్రోమియం ఆనవాలు కూడా లేదని వచ్చింది. ఆ ముక్క లైనులో పడి ఉంటే ఎన్నాళ్లు ఆగేదో లెక్కవేశాను. అంకె చూశాక ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఆ లైను పక్కనే రోజూ టీ తాగేవాళ్లం.

అప్పుడు గుర్తొచ్చారు మన మాస్టారు. నేను చేసింది అదే తప్పు. లేబులు చదివి జవాబు రాసేశాను. నాళికలోకి చూడలేదు.

మర్నాడు ఉదయం నా సంతకం నేనే కొట్టేసి, మిగతా పైపులన్నీ ఒక్కొక్కటే పరీక్షించాకే బిగించాలని రాశాను. పని రెండు రోజులు ఆలస్యమైంది, చివాట్లు పడ్డాయి. ఇప్పుడైతే చేత్తో పట్టుకునే ఎక్స్-రే యంత్రాలు వచ్చాయి. పైపు మీద ఆనిస్తే కొన్ని సెకండ్లలో ఎంత క్రోమియం, ఎంత నికెల్, ఎంత మాలిబ్డినం ఉన్నాయో చెబుతాయి. బిగించే ప్రతి మిశ్రమలోహపు ముక్కనూ అలా చూడటం మంచి రిఫైనరీల్లో నియమమైంది. అయినా ఆ యంత్రం పట్టుకునేవాడికి, కాగితం సరిగ్గా ఉన్నా సరే చూడాలన్న బుద్ధి ఉండాలి. రిచ్‌మండ్ ముక్కలోని సిలికాన్ లాంటివి ఆ యంత్రాలకు సులువుగా అందవు కూడా. అలాంటిచోట్ల మళ్లీ మందం కొలవాలి, ప్రతి ముక్కకూ కొలవాలి.

ఈ చరిత్రను పిల్లలకు రెండు మాటల్లో చెప్పాలంటే ఇలా చెబుతాను. ఏ లోహం ఎక్కడ వాడాలో మనకు తెలిసిందంటే, ముందు ఎక్కడో ఏదో పగిలింది, ఎవరో దాన్ని దాచకుండా రాసిపెట్టారు. రాసినదాన్ని చదవండి. చదివాక, మీ ఎదురుగా ఉన్నది అదేనా అని మీ కళ్లతో చూడండి.

లేబుళ్లు మార్చి మమ్మల్ని పరీక్షించిన మాస్టారికి ఈ వ్యాసం నా నమస్కారం. ఆ రోజు నాళికలోకి చూసి జవాబు రాసిన మా క్లాసు అమ్మాయి ఈ సంచిక చదువుతుంటే, ఒక మాట. ఆవిడకు ఆ రోజు పదికి పది వచ్చాయి, మాకు సున్నాలు వచ్చాయి. ఆ మార్కులు న్యాయమైనవే.